సీట్లున్న బండి

గోడలు, అద్దాలు కడిగే పని సొంతంగా పెట్టుకుంటానని కొమురమ్మ అన్నప్పుడు నవ్వని వాళ్లు లేరు. బండి కొన్నాక నవ్వడం మానేసి తిట్టడం మొదలుపెట్టారు. అందరికంటే ముందు తిట్టింది మొగుడు నర్సయ్యే.

జీడిమెట్లలో పాత బండ్లు అమ్మే సేటు మొదట వాళ్లకు మంచి బండే చూపించాడు. ట్రాలీ ఆటో. వెనక పెద్ద నీళ్ల ట్యాంకు బిగించి ఉంది, పక్కనే ప్రెషర్ మిషన్‌కు చోటు. సగం జీవితం ట్రాలీలు నడిపిన నర్సయ్య టైర్లు తన్ని చూశాడు, ఇంజన్ చప్పుడు విన్నాడు, ఇదే తీసుకుందామన్నాడు.

"మనుషులు యాడ కూసుంటరు?" అని అడిగింది కొమురమ్మ.

"ట్యాంకు పక్కన మస్తు జాగుంది గదా అక్కా," అన్నాడు సేటు. "అందరు గట్లనే పోతరు."

అందరూ అలాగే పోతారని ఆమెకు ఒకరు చెప్పాలా? రాజేందర్ అనే కాంట్రాక్టరు దగ్గర ఏళ్ల తరబడి ఆమె పోయింది అలాగే. కొత్తగూడలో ట్రాలీ ఎక్కితే యాసిడ్ డబ్బాలకూ నిచ్చెనకూ మధ్య తడిలో గొంతుక్కూర్చోవాలి. సామాన్ల బండిలో మనుషులుంటే పోలీసు చలానా రాస్తాడు. అందుకని సిగ్నలు దగ్గరపడగానే రాజేందర్ అందరినీ పడుకోమని పైన టార్పాలిన్ పట్టా కప్పేవాడు. ఎర్రటి ఎండలో, ఆ పట్టా కింద, ఆడవాళ్లు నోరు మూసుకుని పడి ఉండాలి. ఓసారి అలా పడుకున్నప్పుడే డబ్బా మూత ఊడి తోటి కూలి రాజమ్మ పాదం కాలింది. రాజేందర్ పట్టా ఎత్తి, "యాసిడ్ ఎంత పోయింది?" అని అడిగాడు. మనిషి పాదం కంటే డబ్బా ఎక్కువైందా వీడికి? కొమురమ్మ ఆ రోజే పని మానేసింది.

సేటు దగ్గర ఓ మూలన పాత స్కూలు వ్యాను దుమ్ము కొట్టుకుని ఉంది. కొమురమ్మ దాని తలుపు లాగి, సీట్లో కూర్చుని, కిటికీ అద్దం జరిపి చూసింది.

"గిది కావాలె."

"నీకేమన్న పిచ్చి లేసిందా?" అన్నాడు నర్సయ్య. "ట్యాంకు యాడ పెడ్తవ్? నీళ్లు లేకుంటే దేంతోని కడుగుతవ్, ఉమ్మితోనా?"

"ఎనక సీట్లు పీకి మిషన్ పెడ్త. పొడుగు పైపు కొందం. నీళ్లు కడిగించుకునేటోళ్లే ఇస్తరు."

"ఇయ్యకపోతే?"

"పోనియ్యి. నా మనుషులైతే సీట్లల్ల కూసుంటరు. నువ్వు నడుపుతవా, ఇంకో డ్రైవర్ని సూసుకోవాల్నా?"

నర్సయ్య నడిపాడు. తిట్టుకుంటూనే నడిపాడు. ఇళ్ల ప్రహరీలు, షాపుల ముందు బండలు కడిగే పనులు వచ్చాయి గానీ పెద్ద పని ఒక్కటీ రాలేదు. ట్యాంకు లేదా అని అడిగి పంపించేసేవారు. ఇలాగే సాగితే వ్యాను అమ్ముకోవలసిందే.

అప్పుడు నానక్‌రామ్‌గూడలోని ఓ ఆఫీసు బిల్డింగు మేనేజరు వెంకటనారాయణ కబురు పెట్టాడు. ఏడాది పొడవునా పని. ఆ మర్నాడు కంపెనీ పెద్దలెవరో వస్తున్నారట, ముందు ఆ సాయంత్రంలోగా బిల్డింగు ముందు గోడ కడిగి చూపించాలి. తీరా వెళ్లాక, వ్యాను చూసి ఆయన మొహం చిట్లించాడు.

"ట్యాంకు లేకుండా ఎలా అమ్మా? మా నీళ్లు ఇవ్వడం కుదరదు. ఓ ట్రాలీ కిరాయికి తెచ్చుకో, నీ మనుషులు కూడా అందులోనే వచ్చేస్తారు. ఈ వ్యాను దండగ కదా?"

నర్సయ్య ఆమెను మోచేత్తో పొడిచాడు. ఒప్పుకుంటే ఈ ఏడు గట్టెక్కుతామని ఆమెకు తెలియదా? మొగుడికంటే బాగా తెలుసు.

"మా మనుషులు ట్రాలీ ఎక్కరు సార్," అంది. "పని పోతే పోనియ్యుండ్రి."

"నీ ఇష్టం. నేను ఇంకొకరిని కూడా పిలిచాను."

ఆ ఇంకొకరు అప్పుడే గేట్లోకి వచ్చారు. రాజేందర్. ట్రాలీ మీద ట్యాంకు నిండి తొణుకుతోంది, దాని పక్కన పట్టా కప్పి ఉంది. కొమురమ్మ తిన్నగా వెళ్లి పట్టా గుంజి అవతల పారేసింది. కింద రాజమ్మ, ఇంకొందరు ఆడవాళ్లు, చెమటతో తడిసి ముద్దయి ఉన్నారు.

"పోలీసు లేడు, లేవుండ్రి," అంది కొమురమ్మ. "నా బండిల సీట్లున్నయి. కూలి ఇంతకంటె ఎక్కువియ్యలేను. పని గూడ ఇప్పుడే పోయింది. గది తెలిసి వస్తమంటే రాండ్రి."

రాజేందర్ స్టీరింగు వదిలి కిందికి దూకాడు. "నా మనుషులను గుంజుకపోతున్నవా?"

"నీ మనుషులైతే గిట్ల కప్పిపెడ్తవా?"

రాజమ్మ లేచింది. కాలిన పాదం మెల్లగా నేల మీద ఆనించి, "పని సంగతి తర్వాత సూద్దం కొమురక్కా. ముందుగాల నన్ను కిటికీ కాడ కూసోనియ్యి," అని వ్యాను వైపు నడిచింది. మిగతావాళ్లు ఆమె వెంట దిగారు. ఒకామె మాత్రం తల దించుకుని ట్యాంకును ఆనుకునే ఉండిపోయింది.

రాజేందర్ మేనేజరు వైపు తిరిగాడు. "నీళ్లు ఫుల్లు తెచ్చిన సార్."

"కడిగేవాళ్లేరయ్యా?" అన్నాడు వెంకటనారాయణ. మురికి పట్టిన గోడ వైపు, వ్యాను కిటికీల్లో కనబడుతున్న మొహాల వైపు చూశాడు. చేతి గడియారం చూసుకున్నాడు. చివరికి గొంతు తగ్గించి, "కొమురమ్మగారూ, సాయంత్రానికల్లా గోడ అయిపోవాలండి," అన్నాడు.

"అయితది సార్," అంది కొమురమ్మ. "మీ నీళ్ల నల్లా యాడుందో సూపియ్యుండ్రి."