తలుపంత ఖాళీ

మొన్న సాయంత్రం ఇంటి ముందు మొక్కలకు నీళ్లు పెడుతుంటే, ఎదురుగా ఆగిన కారు తలుపు ఒక్కసారిగా బార్లా తెరుచుకుంది. ఆ వెంటనే సైకిలు బ్రేకులు కీచుమన్నాయి. ఏమీ కాలేదు. తొక్కుతున్నామె పక్కకు తప్పుకుని, ఏదో తిట్టి వెళ్లిపోయింది. నా చేతిలోని పైపు మాత్రం చాలాసేపు ఒకే మొక్క మొదట్లో నీళ్లు పోస్తూ ఉండిపోయింది. ఆ చప్పుడు వింటే నాకు సుశీల గారు గుర్తొస్తారు. గుర్తొచ్చి ఊరుకోరు, ఆ రోజంతా నన్ను వదలరు.

సుశీల గారు నా మొదటి బాస్. నర్సాపురం వైపు మనిషి. మెల్‌బోర్న్ శివారులోని ఒక కౌన్సిల్‌లో, అంటే మన మున్సిపాలిటీ లాంటి దాంట్లో, వీధుల డిజైన్ ఆవిడ చేతిలో ఉండేది. ఆఫీసుకి, చర్చికి, కూరగాయలకి, అన్నిటికీ సైకిలే. ఆవిడ గదిలో ఒక పాత కారు తలుపు ఉండేది. తుక్కు కార్ల వాళ్ల దగ్గర తెచ్చి, చెక్క చట్రానికి బిగించి, తెరిచి మూసేలా నిలబెట్టుకున్నారు. ఇదేం పిచ్చో అనుకున్నాను, నా మొదటి డ్రాయింగ్ పట్టుకెళ్లేదాకా. అందులో ఆపి ఉంచిన కార్ల వరస, దాన్ని ఆనుకుని సైకిళ్ల దారి గీశాను. ఆవిడ నేల మీద టేపు అంటించి, నేను గీసిన దారి మధ్యలో నన్ను నిలబెట్టి తలుపు తెరిచారు. అంచు వచ్చి నా తుంటికి కొట్టుకుంది.

“తగిలిందా?”

“తగిలిందండీ.”

“మరి నీ డ్రాయింగ్‌లో తగల్లేదేం?”

“రోడ్ల మాన్యువల్‌లో మినిమమ్ విడ్త్ అంతేనండీ,” అన్నాను.

“మినిమమ్ అనేది రేపు ఎవరైనా అడిగితే మనం తప్పించుకోడానికి లతా. తొక్కేవాళ్ల కోసం కాదు. కార్లకీ సైకిళ్లకీ మధ్య తలుపంత ఖాళీ వదిలి మళ్లీ గియ్యి.” గొంతు పెంచకుండానే చెప్పారు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి.

ఆవిడకు ఇంకో పట్టు ఉండేది. ఇక్కడ డ్రైవరు తలుపు కుడివైపు కదా, దాన్ని ఎడమ చేత్తో తియ్యమనేవారు. అలా తీస్తే ఒళ్లు దానంతటదే తిరుగుతుంది, చూపు వెనక్కి పోతుంది, వెనక సైకిలు వస్తుంటే కనబడుతుంది. పుట్టినరోజులకీ పేరంటాలకీ వెళ్లినా ఇదే పాఠం. రిటైరైన డాక్టరు మూర్తి అంకుల్ ఆవిడను తెగ ఆటపట్టించేవారు. “శుభమా అని వ్రతానికొస్తూ ఎడమ చేత్తో తలుపు తియ్యమంటావేంటమ్మా?” అనేవారు. “తలుపుకి ఏ చెయ్యైనా ఒకటే అంకుల్. వెనకొచ్చేవాళ్లకే ఒకటి కాదు,” అని ఆవిడా నవ్వేవారు. అంకుల్ మంచి మనిషి. ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందు ఆయనకే ఫోన్ చేసేవాళ్లం.

అంకుల్ ఉండే వీధి స్టేషన్ నుంచి స్కూలుకి పోయే దారి. సగం ఇళ్లు మనవాళ్లవే. ఒక పక్క కార్లు ఆపడం తీసేసి, సైకిళ్లకు విడిగా దారి కట్టాలని సుశీల గారు ప్లాన్ వేశారు. సర్వేలో సైకిళ్లకు దారి కావాలా అంటే దాదాపు అందరూ కావాలన్నారు. మీ వీధిలోనా అని అడిగేసరికి మాట మారింది. కమ్యూనిటీ హాల్లో మీటింగ్ పెడితే కుర్చీలు చాల్లేదు. సైకిళ్లంటే నాకూ ఇష్టమే, కానీ ఈ రోడ్డు వాటికి తగింది కాదు అని ఒక తెల్లావిడ అంది. తర్వాత అంకుల్ లేచారు. “సేఫ్టీకి మేమెవ్వరం అగైనెస్ట్ కాదమ్మా. సండే మా ఇంట్లో వ్రతమైతే గెస్ట్‌లు కార్లెక్కడ పార్క్ చేస్తారు? అది చెప్పు ముందు,” అన్నారు. చప్పట్లు మోగాయి. సుశీల గారు వెంట తెచ్చిన తన తలుపు చూపించి, ఒక్కసారి వచ్చి ఈ టేపు మీద నిలబడండి అంకుల్ అని అడిగారు. “నేను సైకిలు తొక్కను కదమ్మా,” అని ఆయన కూర్చున్నారు. హాలంతా నవ్వింది.

రెండు పక్కలా కార్లు ఉంటాయి, వాటి పక్కన తెల్లగీత గీస్తే చాలని పైవాళ్లు తేల్చారు. అది మినిమమ్ విడ్త్‌కు సరిపోతుంది. ఆ డ్రాయింగ్ చాలా రోజులు ఆవిడ బల్ల మీదే ఉంది. సంతకం పెట్టకండి అన్నాను. “పెట్టకపోతే ఆ గీత కూడా రాదు. గీత లేకపోయినా తొక్కేవాళ్లు తొక్కుతూనే ఉంటారు. గీస్తే దాన్ని నమ్మి కొత్తవాళ్లు కూడా వస్తారు. రెండిట్లో ఏది ఎక్కువ పాపమో నాకు తెలియట్లేదు లతా,” అన్నారు. చివరికి సంతకం పెట్టారు. గీత పడింది.

కార్తీక మాసంలో ఒక ఆదివారం మూర్తి అంకుల్ ఇంట్లో సత్యనారాయణ వ్రతం. తక్కువైన పూలు తేవడానికి అంకుల్ కారులో వెళ్లొచ్చేసరికి వీధి నిండా చుట్టాల కార్లే. తన ఇంటి ముందు తనకే చోటు లేక, కాస్త ముందుకెళ్లి ఆపారు. ఎడమ చేతిలో పూలదండల పళ్లెం ఉంది. కుడి చేత్తో తలుపు తీశారు. వెనక గ్రేస్ అనే అమ్మాయి సైకిలు మీద వస్తోంది. పక్క వీధి వృద్ధాశ్రమంలో పని ఆమెకు, డ్యూటీకి వెళుతోంది. తలుపు తగిలి రోడ్డు మీదికి పడింది. వెనకొస్తున్న వ్యాను ఆగలేకపోయింది. గీత ఎక్కడుండమందో ఆ అమ్మాయి సరిగ్గా అక్కడే ఉంది.

తర్వాత మనవాళ్లు అంకుల్ ఇంటికి వెళ్లడం తగ్గించేశారు. జ్వరాలకు ఆయన్ను పిలిచినవాళ్లే వాట్సాప్ గ్రూపుల్లో ఆయన్ను హంతకుణ్ని చేశారు. సుశీల గారు నన్ను తీసుకుని ఆ ఇంటికి వెళ్లారు. ఆయన వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని, కుడి అరచెయ్యి ముందు పరుచుకుని చూసుకుంటున్నారు.

“నువ్వు చెప్పావమ్మా. ఎన్నిసార్లు చెప్పావు. నేనే చంపేశాను.”

ఆవిడ ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకున్నారు. “మీరు తలుపు తీశారు అంకుల్. తలుపులు అందరూ తీస్తారు. తీసినా మనిషి చావకుండా రోడ్డు వెయ్యడం నా పని. సంతకం నాది.”

ఆ పెద్దాయన చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నాకు మాత్రం ఆ రోజు ఆయన మీద జాలి కంటే కోపమే ఎక్కువ. బయటికొచ్చాక అదే అన్నాను. “కోపం రోడ్డు మీద పెట్టు,” అన్నారావిడ. గ్రేస్ చావు మీద జరిగిన విచారణలోనూ తన సంతకం గురించి అదే చెప్పారు. అంతా కనీస ప్రమాణాలకు లోబడే ఉందని కౌన్సిల్ చెప్పింది. అది నిజమే కూడా. ఆవిడ ఉద్యోగం మానేశారు. మళ్లీ సైకిలెక్కలేదు. పోయిన చలికాలం జబ్బుచేసి చనిపోయారు. ఆ వీధిలో గీత అలాగే ఉంది, పైన కొత్త రంగు వేశారు.

ఇప్పుడు ఆవిడ కుర్చీలో నేను ఉన్నాను. ఆ తలుపు నాతోనే ఉంది. ఏ వీధి మీద మీటింగ్ పెట్టినా బండిలో వేసుకుని మోసుకెళతాను. కార్లెక్కడ పెట్టాలి అనే ప్రశ్న ప్రతి హాల్లోనూ వస్తుంది. పిలవకపోయినా మూర్తి అంకుల్ వచ్చి ముందు వరసలో కూర్చుంటారు. నేను నేల మీద టేపు అంటించగానే కర్ర ఊతంగా లేచి, దాని మీద నిలబడి కళ్లు మూసుకుంటారు. నేను తలుపు తెరుస్తాను. తగిలిందా అని అడగడం సుశీల గారి పద్ధతి. ఆయన్ను అడగడానికి నాకు నోరు రాదు. అందుకని హాల్లో అందరికీ వినబడేలా ఆయనే చెబుతారు, “తగిలిందమ్మా” అని.