ఓడలు రాకముందటి వంట

మేడమ్ ఇక లేరన్న సంగతి నాకు ఫ్యాక్టరీ కార్ పార్కింగ్‌లో తెలిసింది. ఉదయం షిఫ్ట్‌కు దిగబోతుండగా ఆమె కూతురు ఫోన్ చేసింది. "అన్నయ్యా, అమ్మ లేవడం లేదు," అంది. కారు వెనక్కి తిప్పాను. అమెరికాలో మేముండే చాండ్లర్ ఊరి రోడ్ల మీద ప్రతి ఎర్రదీపం దగ్గరా, చేయవలసిన పనుల జాబితా ఒకటి మనసులో వేసుకున్నాను. దీపం పచ్చగా మారేసరికి అది చెదిరిపోయేది. ఆనాటి నుంచి నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకావడం లేదు. కూర్చుంటే రాయాలనిపిస్తుంది, రాస్తే లేచిపోవాలనిపిస్తుంది.

మేడమ్ మా పక్కింటివారు. గుంటూరు వైపు ఒక ఆడపిల్లల కాలేజీలో చాలాకాలం చరిత్ర బోధించి, రిటైరయ్యాక కూతురి దగ్గరికి వచ్చారు. ఊరికే ఉండడం ఆమె స్వభావంలో లేదు. ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ళ డైనింగ్ టేబుల్ చుట్టూ ఐదారుగురిని పోగుచేసి పాఠం చెప్పేవారు. నేను తప్ప మిగిలిన వారందరూ చిప్పుల కంపెనీల్లో ఇంజనీర్లు. నేను ఆ కంపెనీల్లో పంపులు బాగుచేసేవాణ్ణి, ఇంటర్ తర్వాత చదివినదంతా సొంతంగా చదువుకున్నదే. ఆ బల్ల దగ్గర ఈ తేడా పనిచేసేది కాదు. మేడమ్ ఎవరినీ ఏ కాలేజీ అని అడగలేదు. "పోయిన వారం చెప్పింది బుర్రలో తిరిగిందా, లేదా?" అని మాత్రం అడిగేవారు.

చెప్పేటప్పుడు ఆమె కూర్చునేవారు కాదు. పొయ్యి దగ్గర నుంచి కిటికీ దాకా, కిటికీ దగ్గర నుంచి మళ్ళీ పొయ్యి దాకా నడుస్తూ చెప్పేవారు. మా విషయం ఒక్కటే: మధ్యయుగపు సమాజం ఆధునిక కాలపు గుమ్మంలోకి ఎలా వచ్చింది?

"ఏ సంవత్సరం అనుకోవచ్చు మేడమ్? నోట్స్‌లో అక్కడొక గీత గీసుకుంటాను," అన్నాను ఒకసారి.

"గీతా? ఓయ్ జాబితాల నాయనా! ఒకరోజు పొద్దున్నే లేచి, 'ఒసేయ్, నిన్నటితో మధ్యయుగం అయిపోయిందట, కాస్త కాఫీ పెట్టు' అని ఎవరైనా పెళ్ళాంతో అన్నారనుకున్నావా?"

"అప్పటికి మనకి కాఫీ కూడా లేదేమో కదా ఆంటీ," అన్నాడొక కుర్ర ఇంజనీరు.

"అదిగో, నువ్వు దారిలో పడ్డావు!" అని ఆమె చప్పట్లు కొట్టారు.

మరుసటి ఆదివారం మాకు భోజనం పెట్టారు. దానికి ఆమె పెట్టిన పేరు, ఓడలు రాకముందటి వంట. సముద్రం దాటి పరంగివాళ్ళ ఓడల్లో వచ్చినది ఏదీ ఆ విస్తట్లో ఉండకూడదు. మిరపకాయ, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, మొక్కజొన్న, జామపండు, అన్నీ వెలి. ఎవరికి తోచిన వంటకం వారు తేవాలన్నారు. నేను రెండు రాత్రులు పుస్తకాలు తిరగేసి, నిషిద్ధ పదార్థాల పట్టిక తయారుచేసి, దాని ప్రకారం పులిహోర కలిపి తీసుకెళ్ళాను. మేడమ్ గిన్నె మూత తీసి, ఒక పలుకు వేళ్ళతో ఏరి అందరికీ చూపించారు.

"జీడిపప్పు కూడా ఓడ దిగిందే నాయనా! నీ పట్టికలోకి ఎలా దొంగతనంగా దూరిందో చూడు."

అందరూ నవ్వారు. అందరికన్నా ఎక్కువ ఆమే నవ్వారు. ఆ జీడిపప్పు మాత్రం పారేయలేదు, నోట్లో వేసుకున్నారు.

తింటున్న ఇంజనీర్ల మొహాల్లో ఏదో వెలితి కనిపించింది. "టేస్ట్ బాగానే ఉంది ఆంటీ, కానీ ఏదో మిస్సవుతోంది," అన్నాడు ఆ కుర్రాడే.

"గుంటూరువాడివి, నీకు మిస్సవదూ! విజయనగరం కట్టినవాళ్ళకి మిరపకాయ రుచే తెలియదు. వాళ్ళు తిన్నది మిరియాల కారం. మిరపకాయ ఏ ఇంట్లోకి ఏ రోజున వచ్చిందో ఎవరూ రాసిపెట్టుకోలేదు. ఒకావిడ వేసింది, పక్కింటావిడ అడిగింది, అంతే. నాణెమూ అలాగే ఊళ్ళలోకి చొచ్చుకొచ్చింది. గింజల్లో కొలిచే శిస్తు డబ్బులోకి మారింది. రాజుల ఇంట పుట్టనివాడు కోట కట్టుకుని నేను రాజునన్నాడు, జనం నవ్వలేదు. నువ్వెవరివి అంటే, ఫలానావారి కొడుకుని అనడం ఒక్కటే అంతకుముందు జవాబు. ఇప్పుడు, ఫలానా పని చేయగలను అనడమూ జవాబైంది. జీతం కోసం కత్తి పట్టుకుని ఊళ్ళు దాటేవాడొకడు బయల్దేరాడు. మీ అందరికీ ముత్తాత వాడే."

"వాడికి హెచ్‌వన్ వీసా రెన్యువల్ గొడవ లేదు కదండీ!" అన్నాడు మరో ఇంజనీరు.

"లేదు. దారిలో చచ్చేవాడు. నువ్వు మెయిల్ కోసం చూస్తూ చస్తున్నావు."

ఆమె తరచూ అనే మాట ఒకటుంది: "పాతది ఎక్కడికీ పోదు. కాస్త జరిగి చోటిస్తుంది." మేం విన్నది చరిత్ర పాఠం మాత్రమే కాదనీ, ఆమె వంటింటి కథ కూడాననీ నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ మిరియాల వంట ఆమె ఏ గ్రంథంలోనూ నేర్చుకోలేదు. ఏటా తమ ఇంట పెద్దల తద్దినాలకు వండి నేర్చుకున్నారు. ఆ ఇంట్లో తద్దినపు వంటకు మిరపకాయను తాకనివ్వరు.

పోయిన చలికాలం ఆమె ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మర్నాడు నేను చూడడానికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని కూతురితో అంటున్నారు: "మిరపకాయ అన్ని గిన్నెల్లోకీ వెళ్ళింది పాపం. ఈ ఒక్క గిన్నె దగ్గరే ఇన్ని వందల ఏళ్ళ నుంచి గడప బయట నిలబడింది. నా పన్నెండో రోజున లోపలికి రానివ్వవే."

"ఛీ, అవేం మాటలమ్మా!" అంది కూతురు.

"మాట ఇస్తావా, ఇవ్వవా?"

ఇచ్చింది. నేను సాక్షిని.

మేడమ్‌కు కొడుకులు లేరు. కర్మ చేయడానికి ఈ దేశపు తూర్పు కొసనున్న ఐసెలిన్ నుంచి ఆమె తమ్ముడు వచ్చారు. కష్టపడి దుకాణం నిలబెట్టుకున్న మనిషి. అక్క అంటే ప్రాణం, ఆచారమంటే భయం. పదకొండో రోజు సాయంత్రం కూతురు ఆయనకు ఆ మాట చెప్పింది.

"నీకేమైనా మతిపోయిందా అమ్మలూ? అక్క తమాషాకు అనుంటుంది."

"తమాషాకు కాదు మామయ్యా. చేతిలో చెయ్యి వేయించుకుంది."

ఆయన నా వైపు తిరిగారు. "మీరు బాగా చదువుతారట కదా, మీరు చెప్పండి. వెయ్యకూడదని శాస్త్రంలో ఉందా, లేదా?"

నాకు శాస్త్రం తెలియదు. తెలిసింది మాత్రమే చెప్పాను. "నియమం పెట్టిన కాలానికి మిరపకాయ మన దేశంలో లేదండీ. ఎవరూ దాన్ని పేరు పెట్టి వద్దని ఉండరు. పిలవలేదు, అంతే."

"పిలవని పేరంటానికి ఇంత రభస ఎందుకు మరి?" అని ఆయన విసురుగా లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు.

కూతురు నా ఎదుటి కుర్చీలో కూర్చుంది. తర్వాత అంది: "వేస్తే, అమ్మకి ఆ అన్నం అందదేమోనని భయం అన్నయ్యా. వెయ్యకపోతే, ఆఖరి మాట తప్పానని బతికినంతకాలం భయం. ఏది చేసినా అడగడానికి అమ్మ లేదు." ఇన్ని ఏళ్ళ ఆదివారాలు విన్నాను. ఒక కాలం మారడమంటే ఒక మనిషికి ఇంత కష్టమని ఆ పాఠాల్లో నాకు అర్థం కాలేదు.

మర్నాడు ఉదయం వంట మొదలైంది. అరటికాయ తరిగాం, కంద ఉడికింది, నువ్వులు వేగాయి. మేడమ్ తమ్ముడుగారు మడిబట్టలో పెరటి తలుపు నుంచి హాలు దాకా, హాలు నుంచి పెరటి తలుపు దాకా తిరుగుతూనే ఉన్నారు. చివరికి వంటింటి గుమ్మం దగ్గర ఆగారు. లోపలికి చూడలేదు, గోడ వైపే చూస్తూ అన్నారు:

"వేసెయ్ అమ్మలూ. ఎందులో వేశావో మాత్రం నాకు చెప్పకు."

కూతురు కళ్ళు తుడుచుకుంది. నా చేతిలోని వంటకాల జాబితా మెల్లగా తీసుకుంది. "మీరు కూడా బయటే ఉండండి అన్నయ్యా," అని తలుపు దగ్గరగా వేసింది.

కర్మకు పిలిచిన భోక్తలు ముందు తిన్నారు. వారేమీ అనలేదు. తర్వాత మేమంతా కూర్చున్నాం. ఇంజనీర్లు కూడా ప్రతి ముద్దా నెమ్మదిగా నమిలారు. అల్లం పచ్చడిలోనా, కంద కూరలోనా, గారెల్లోనా? అసలు వేసిందా? మిరియాల ఘాటు అన్నిటినీ కప్పేసింది. నేను అడగలేదు, ఇక అడగను. అందరికీ మంచినీళ్ళు పోస్తున్న కూతురి ముఖంలోనూ ఏదీ దొరకలేదు.

నా పక్కన మేడమ్ తమ్ముడుగారు తల వంచి తింటున్నారు. నువ్వుల పచ్చడి కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుని, ఒక్క క్షణం నమలడం ఆపారు. కళ్ళెత్తి ఎవరి వైపూ చూడలేదు. కాసేపటికి ఎడమచేతితో విస్తరిని కొంచెం ముందుకు జరిపి, "అమ్మలూ, ఆ పచ్చడి ఇంకాస్త వెయ్యి," అన్నారు.