మూడోనాడు తులసీరాం పెట్టిన పాట

కన్నతండ్రి పోయిన మూడోనాడే తులసీరాం ఇంట్లో ఇంగ్లీషు పాట పెట్టుకొని, కళ్లు మూసుకొని, తల ఊపుతూ కూర్చున్నాడని నగరిలో ఒక మాట తిరుగుతోంది. మన వీధిలో పుట్టిన మాట, ఇప్పటికి పుత్తూరు దాకా పోయిందట. దారిలో దానికి ఒక సారా సీసా కూడా తోడైందట. పాట పెట్టిన మాట నిజం. కళ్లు మూసుకున్న మాటా నిజమే. తల ఊపలేదు, సీసా లేదు, సంతోషమైతే అసలే లేదు. ఆ మాటను మొదట వాకిలి దాటించింది మన వీధి అలివేలమ్మే గనుక, ఆమెతో సహా అందరూ జరిగింది జరిగినట్టు తెలుసుకుంటే మంచిది.

తులసీరాం మరమగ్గాల మేస్త్రి. వీధిలో ఇరవై ఇళ్లుంటే ఇరవై ఇళ్లలోనూ మగ్గాలే. ఎవరి మగ్గం మొండికేసినా ఆయనే రావాలి. వచ్చినవాడు పానా తీసేవాడు కాదు. ముందు వాకిట్లో నిలబడి వినేవాడు. "లోపల రెండో మగ్గం, ఎడమ పక్క తోలుపట్టీ అరిగిపోయింది సూడు" అని గడప తొక్కకుండానే చెప్పేవాడు. తీసి చూస్తే ఆ పట్టీయే అరిగి ఉండేది. ఆయన చెవి మీద వీధికి అంత నమ్మకం.

భార్య లోకేశ్వరి ఆయనకు అక్క కూతురే. ఇంట్లో రెండు మగ్గాలు ఆమె నడుపుతుంది.

తులసీరాంకు ఉన్న పిచ్చి ఒక్కటే, ప్లేట్లు. పాతకాలపు నల్లటి గ్రామఫోను ప్లేట్లు, అందులోనూ జాజ్. అమెరికాలో నల్లవాళ్లు పుట్టించిన సంగీతం అది. ఇరవై ఏళ్ల కిందట ఎవరి పెళ్లికో గూడూరు పోయినప్పుడు, రైల్వే కాలనీలో ఒక ముసలి ఆంగ్లో ఇండియన్ గార్డు కిటికీలోంచి వినబడింది. పెళ్లిభోజనం మాని ఆ గోడవారనే నిలబడిపోయాడు. ఆ గార్డు ఊరు వదిలి పోయేటప్పుడు తన ప్లేయరూ ఒక పెట్టెడు ప్లేట్లూ ఈయన చేతిలో పెట్టాడు. అప్పటినుంచి మగ్గాల సామాన్లకు మద్రాసు పోయినప్పుడల్లా పాతసామాన్ల అంగళ్లు గాలించి, ఒకటో రెండో చంకలో పెట్టుకొని వచ్చేవాడు. ఇప్పుడు నూట ముప్పై దాటాయి. ఒక్కొక్కదానికి లోకేశ్వరి తమ మగ్గం మీద మిగిలిన తుండుగుడ్డతో సంచి కుట్టింది. ఆయన చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కొని, ఒక్క నూనె మరక లేదని చూసుకొన్న తర్వాతే ఆ సంచి విప్పేవాడు.

"ఏముండాది మామా దీంట్లో? పాటా కాదు, మాటా కాదు," అని కొత్తలో ఆమె అడిగింది.

"నలుగురు వాయిస్తా ఉంటారు మే. ఒకడు దారి తప్పినట్టు పోతాడు. యాడ పడిపోతాడో అని మనకు భయమేస్తాది. పడడు. తక్కిన ముగ్గురూ వాణ్ని ఒక కంట చూస్తానే నడస్తారు. నాలుగు మగ్గాలు నాలుగు తీర్లుగా ఆడతాయి, దిగే గుడ్డ మాత్రం ఒకటే."

అది ఆమెకు బాగా అర్థమైంది.

మగ్గాల వీధిలో మాటల తీరు వేరే. పొద్దున కరెంటు వచ్చిందంటే మళ్లీ అది పోయేదాకా ఎవరి గొంతూ ఎవరికీ వినబడదు. పెదవులు చూసి మాట పట్టుకుంటాం, మిగిలింది చేత్తో చెప్పుకుంటాం. కోడలు అత్తను తిట్టాలన్నా ఎదురుగా వచ్చి నిలబడి తిట్టాలి. అందుకే ఇంత వీధిలో ఏ ఒక్కరికీ అనుమానం రాలేదు. తులసీరాం ఫోనెత్తడం మానేసి "వాట్సాప్‌లో ఫోటో పంపు" అంటుంటే పని ఒత్తిడనుకున్నారు. వాకిట్లో నిలబడి వినడం మానేసి, నేరుగా వచ్చి మగ్గం మీద అరచెయ్యి పెడుతుంటే, పెద్ద మేస్త్రి అయ్యాడు గదా, కొత్త పద్ధతనుకున్నారు.

ఆయన నాయన పోయినప్పుడు లోకేశ్వరికి తెలిసింది. మర్యాదకని మూడు రోజులు వీధి మొత్తం మగ్గాలు ఆపింది. కాకి అరిస్తే ఉలిక్కిపడేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో లోకేశ్వరి "మామా, నీళ్లు కాగినాయి" అని వెనకనుంచి పిలిచింది. పలకలేదు. ఏడుపులో ఉన్నాడులే అనుకుంది. మళ్లీ పిలిచింది. లేదు. పలమనేరునుంచి వచ్చిన పెద్దాయనెవరో పోయినాయన చిలిపితనం ఒకటి తలచుకుంటే అందరూ నవ్వారు. తులసీరాం కూడా నవ్వాడు, అందరి మొహాలూ చూసిన తర్వాత. ఆ ఆలస్యం లోకేశ్వరి కంట్లో పడింది.

మూడోనాడు శ్మశానంలో పాలు పోసి వచ్చారు. ఆయన స్నానం చేసి, చేతులు రెండుసార్లు కడుక్కొని, ఎప్పుడూ పెట్టే నీలం సంచిలోని ప్లేటు తీసి పెట్టాడు. ఇల్లంతా అదిరింది. అప్పుడే మజ్జిగ చెంబుతో వచ్చిన అలివేలమ్మ వాకిట్లోనే ఆగిపోయింది.

"ఏమ్మే లోకేశ్వరీ, ఏడుపు అయిపోయిందా మీ ఇంట్లో? అప్పుడే బ్యాండుమేళం పెట్టినారే!"

"నువ్వు చెంబు ఆడ పెట్టి పో అత్తా."

"పోతాలే. మీ తాత ఆత్మ కూడా ఈ మోతకు పరిగెత్తి పోయింటాది."

లోకేశ్వరికీ కోపం వచ్చింది. ఆ పాటల పెట్టె ఆపేద్దామనే విసవిసా లోపలికి పోయి, గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆయన చెవి పెట్టెకు ఆనించి, కళ్లు గట్టిగా మూసుకొని, శబ్దం పెంచే బటన్‌ను వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా తిప్పుతున్నాడు. ఆ పాటలో బూర ఉంది, పియానో ఉంది, నిలువెత్తు తంబూరాలాంటి దానిమీద లావుపాటి తీగల మోత ఉంది. వాటి అడుగున, డప్పు చర్మం మీద ఎవరో కుంచెతో రాస్తున్నట్టు సర్రు సర్రుమని ఇంకొకటి. చేటలో బియ్యం చెరిగినట్టుండే ఆ చప్పుడు ఆమెకు గుమ్మం దగ్గరికే వినబడుతోంది. ఆయన ఇంకా దానికోసమే తిప్పుతున్నాడు.

బటన్ చుట్టూ సుద్దగీతలున్నాయి. మగ్గం బిగించేటప్పుడు, ఏది ఎక్కడ సరిగ్గా పడిందో మరిచిపోకుండా మేస్త్రీలు గీసుకునేలాంటివే. మొదటిది కింద, రెండోది కొంచెం పైన, మూడోది ఇంకా పైన, నాలుగోది దాదాపు చివర. బటన్ ఆ నాలుగో గీత దాటింది, కొసకు తగిలి ఆగింది. ఆయన జేబులోంచి తీసిన సుద్దముక్క చేతిలోనే ఉంది. గీయడానికి ఇక చోటు లేదు.

మూడు రోజులు మగ్గాలు ఆగాయి గదా, ఒకవేళ పోయిన వినికిడి తిరిగి వచ్చిందేమోనని చూసుకుంటున్నాడు. ఆమెకు అర్థమైంది. చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేసింది. తర్వాత నవ్వుకుంది కూడా, చప్పుడు చేస్తే మాత్రం ఏమయ్యేదని.

అడగలేదు. అడిగితే ఆయన అవునంటాడు, అబద్ధమాడే మనిషి కాడు. అవునన్నాక ఆ మాట ఇరవై ఇళ్లలో దాగదు. చెవిలేని మేస్త్రిని ఎవరు పిలుస్తారు? పోనీ అడక్కపోతే, ఎవరి మగ్గం మీదో ఏదో వదులుగా ఉండిపోతే? అటూ ఇటూ దారం మోసే మరమగ్గం నాడెకు రెండు కొనలా ఇనుప మొనలుంటాయి. పట్టు తప్పి ఎగిరిందంటే కన్నే పోవచ్చు. పెద్దదినం కర్మలు ముగిసేదాకా ఆమె దీన్నే తిరగేసుకుంది. తర్వాత ఇంట్లో మగ్గాలు మొదలయ్యాయి, ఆయనా పనికి పోసాగాడు. ఆయన ఏ ఇంటికి పోతే ఆ ఇంటి వైపు చెవి పెట్టి కూర్చోవడం మొదలుపెట్టింది. సొంత మగ్గం మీద దారాలు తెగుతున్నా చూసుకోలేదు.

పోయిన సోమవారం ఎదురింటి మగ్గం ఆగింది. ఆ ఇంటి కొత్తకోడలు గీతాంజలి వచ్చి పిలిచింది. తులసీరాం పోయి గంటసేపు బిగించాడు. మగ్గం కదిలింది. పక్కనే ఇంకో మూడు మగ్గాలు ఆడుతున్నాయి, నేలంతా అదురుతోంది. ఆయన చట్రం మీద అరచెయ్యి పెట్టి, "సరిపోయిందమ్మా" అన్నట్టు తలాడించాడు.

వీధికి ఇవతల లోకేశ్వరి వింది. నాడె పెట్టెలో పడే దెబ్బ ఒకటి ఆలస్యంగా వస్తోంది. ఠప్, ఠప్, ఠప్... ఠప్. తన మగ్గాలు ఆపింది. మళ్లీ వింది. ఈసారి ఇంకా ఆలస్యం.

పరిగెత్తింది. గడప దాటేసరికి గీతాంజలి కింద పడ్డ దారపు కండె కోసం ఆ మగ్గం పక్కనే వంగబోతోంది. అరిస్తే ఎవరికి వినబడుతుంది? జడ దొరికింది, పట్టుకొని లాగింది. ఇద్దరూ వెనక్కి పడ్డారు. నాడె వాళ్ల కాళ్ల మీదుగా రివ్వున పోయి, గోడకున్న క్యాలెండరును చీల్చి కింద పడింది. ఎవరో మీట లాగారు. నాలుగు మగ్గాలూ ఆగిపోయాయి.

"అమ్మా! జడ పీకేసినావు గదక్కా!" అంది గీతాంజలి. తర్వాత క్యాలెండరు చూసి నోరు మూసుకుంది.

"బెల్టు వదులైంటాది, సుమ్మా, ఊరికే భయపడబాకండి," అని అప్పుడే వచ్చిన అలివేలమ్మ తీర్పు చెప్పేసింది.

తులసీరాం నాడెను తీసి, మొన మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత భార్యను చూశాడు. ఆమె ఎక్కడినుంచి పరిగెత్తి వచ్చిందో, ఎందుకు వచ్చిందో, లెక్క వేసుకుంటున్నట్టు చాలాసేపు చూశాడు. పానా అక్కడే వదిలేసి ఇంటికి పోయాడు.

ఆమె పోయేసరికి నీలం సంచి విప్పి ఉంది. పాట ఆడుతోంది. "మామా" అంది వెనకనుంచి. "మామా!" అంది ఇంకా గట్టిగా. మగ్గాలు ఆపి వీధిలోకి వచ్చినవాళ్లలో ఇద్దరు తలలు తిప్పారు గాని ఆయన తిప్పలేదు. ఆమె చుట్టూ తిరిగి ముందుకు వచ్చింది, ప్లేటు మీది ముల్లు ఎత్తి పక్కన పెట్టింది. మగ్గాల దగ్గరలా చేతులు ఊపలేదు. చేతులు కట్టుకొని, ఒక్కొక్క మాటే నిదానంగా అడిగింది.

"నీకు యాడిదాకా వినపడతాది మామా? నాకు చెప్పు."

ఆయన ఆమె పెదవులు చూశాడు. బటన్ మీది సుద్దగీతలు చూశాడు. బొటనవేలితో అన్నింటినీ ఒక్కసారిగా తుడిచేశాడు.

"బూర వినపడతాది. పెద్ద తీగలది, చెయ్యి పెడితే తెలస్తాది. సర్రుసర్రుమనేది శివరాత్రికే పోయింది. నువ్వు ఎనకనించి పిలిచేది అంతకు ముందే పోయింది, నీకు చెప్పేదానికి నోరు రాలే. మగ్గాలు ఆగితే వస్తాదేమో అనుకున్నా, రాలే మే. రేపు పొద్దున్నే ఆ మగ్గం మళ్లీ ఇప్పాల. నువ్వూ రా. పానా నేను పడతా. నువ్వు వాకిట్లో నిలబడి విను."