ముందు ముల్లు, తర్వాత అక్షరం

రూతమ్మ టీచరుకు కోపం ముక్కు మీదే ఉంటుందని వడ్డేపల్లి చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. ఆమె ఎదురైతే ఆటోవాళ్లు సైతం పాటల సౌండు తగ్గించేస్తారు. అటువంటి మనిషి ఏటా జూన్‌లో బడి తెరిచిన రోజున వరండాలో గొంతుక్కూర్చుని, ఒకటో తరగతిలో కొత్తగా చేరిన పిల్లల కాళ్లు కడుగుతుంది. కొంగు నడుముకు దోపుకుని, ఇత్తడి పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసుకుని, ఒక్కో కాలునూ తన మోకాలి మీద పెట్టుకుని వేళ్ల సందులు కూడా వదలకుండా తుడుస్తుంది. చూసినవాళ్లు ఈమె ఆమేనా అని మళ్లీ చూస్తారు.

ఈ పద్ధతి ఆమె పెట్టింది కాదు. ఒక రేకుల షెడ్డులో సిస్టర్ల బడిని మొదలుపెట్టిన సిస్టర్ అగాతా పెట్టింది. మంగళూరు వైపు నుంచి వచ్చిన ఆ సిస్టరుకు తెలుగు సగమే వచ్చు, మిగతా సగం కన్నడంతో నెట్టుకొచ్చేది. అప్పట్లో పిల్లలు చెప్పుల్లేని కాళ్లతో చేలగట్ల మీదుగా నడిచి వచ్చేవాళ్లు. సర్కారు తుమ్మ ముళ్లు దిగి కుంటుతూ వచ్చి కూర్చుంటే పలక మీద చూపెక్కడ నిలుస్తుంది? ఒకరోజు సిస్టర్ పాఠం ఆపేసి, నీళ్లు తెప్పించి, అందరినీ వరసగా కూర్చోబెట్టి కాళ్లు కడిగింది. పిన్నీసుతో ఒక్కొక్కరి ముల్లూ తీసింది. "ముందు ముల్లు, తర్వాత అక్షరం" అంది. యేసు ప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన కథంటే ఆమెకు ప్రాణం. అయినా ఆ రోజు పిల్లలకు ఆ కథ చెప్పలేదు. ముళ్లు తీయడంతోనే పొద్దు పోయింది.

ఆ వరసలో చివరన కూర్చున్న పిల్ల రూతమ్మ. తల్లి సీడు పత్తి చేలల్లో కూలికి పోయేది. పెద్దిళ్ల వాకిళ్లలో ఆమెకు వేరే గ్లాసు ఉండేది, నీళ్లు పోసేవాళ్లు చెంబు తగలకుండా చెయ్యి పైకెత్తి పోసేవాళ్లు. అలాంటి తల్లి కూతురిని సిస్టర్ "బా, కూతుకో" అని కన్నడంలోనే దగ్గరికి పిలిచి కూర్చోబెట్టి, బురద కాలును తన తెల్లచీర మీద పెట్టుకుంది. ముల్లు వచ్చేసిన తర్వాత కూడా రూతమ్మ ఏడుస్తూనే ఉంది. ఎందుకేడ్చిందో ఆమెకు పెద్దయ్యాక గాని తెలియలేదు.

చదువుకుని అదే బడిలో టీచరైంది. సిస్టర్ అగాతా కన్నుమూశాక పళ్లెం రూతమ్మ చేతికి వచ్చింది. కాలం మారింది. పిల్లలు బూట్లేసుకుని ఆటోల్లో దిగుతున్నారు. ఏళ్ల తరబడి ఒక్క ముల్లు కూడా దొరకడం లేదు. "ఇంకా ఎందుకమ్మా ఇదంతా? నాలుగు చుక్కలు చిలకరిస్తే చాలదా?" అని కొత్త హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ రోజ్లిన్ నెమ్మదిగా అడిగింది. "చిలకరిస్తే ముల్లు రాదు సిస్టర్" అంది రూతమ్మ. ఆమె మెడ ఎర్రబడటం చూసి సిస్టర్ నవ్వి ఊరుకుంది.

పోయిన జూన్‌లో జరిగింది అసలు సంగతి.

బడి తెరిచిన రోజున కిష్టమ్మ అనే ముసలమ్మ తన మనుమరాలు శ్రుతిని తీసుకొచ్చింది. కొడుకూ కోడలూ హైదరాబాదులో బిల్డింగు పనికి పోయారు, పిల్ల అవ్వ దగ్గరే ఉంటోంది. పిల్ల కుంటుతూ నడవడం రూతమ్మ గేటు దగ్గరే చూసింది. కిష్టమ్మ అటు తిరిగి టిఫిన్ డబ్బా మూత బిగిస్తుండగా, ఇటు రూతమ్మ పిల్లను కూర్చోబెట్టి చెప్పు లాగి చూసింది. అరికాలు వాచి, మధ్యలో నల్లటి చుక్క. అన్నేళ్ల తర్వాత దొరికిన ముల్లు! ఇంకేం ఆలోచించకుండా కాలును పళ్లెంలో పెట్టేసింది.

"విడువు! విడువు!" అని కిష్టమ్మ అరిచిన అరుపుకు వరండాలోని పిల్లలంతా అటు తిరిగారు. "పెద్దోళ్లు పిల్లల కాళ్లు పట్టుకుంటే పిల్లలకు ఆయుష్షు తక్కువైతది. గంత సదువుకున్నవ్, గీ మాట తెల్వదా?"

తడికాలుతోనే పిల్లను చంకనేసుకుని వెళ్లిపోయింది. ఆ తోపులాటలో పళ్లెం బోర్లాపడింది. రూతమ్మకు ఒళ్లు మండింది. నలుగురి ముందూ చేతిలోంచి పిల్లను లాక్కుపోతే ఎవరికి మండదు? ఈ కాలంలో కూడా ఈ పట్టింపులేమిటని గొణుక్కుంటూనే మిగతా పిల్లల కాళ్లు కడిగింది.

మధ్యాహ్నం సిస్టర్ రోజ్లిన్ చెప్పింది. ఆ ముసలమ్మ మనుమడు, శ్రుతికి అన్న, పోయినేడే జ్వరంతో చనిపోయాడట. రూతమ్మ కోపం ఎక్కడిదక్కడే చల్లారిపోయింది. పిల్లలు బడిలో నిలవాలని సిస్టర్ అగాతా పెట్టిన పద్ధతి, ఈ రోజు ఒక పిల్లను బడి దాటించింది. "వచ్చే ఏడు నుంచి మానేద్దామా?" అని సిస్టర్ రోజ్లిన్ అడిగితే, "తప్పు పద్ధతిది కాదు సిస్టర్. ఒక మాటైనా అడక్కుండా పట్టుకున్నాను చూడండి, నాది" అంది.

శ్రుతి మర్నాడు రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు. పేరు పిలిచిన ప్రతిసారీ రూతమ్మకు ఆ నల్లచుక్కే కళ్లలో మెదిలేది. పిల్ల కాలు ఏమైపోతుందో, పిల్ల బడికి వస్తుందో రాదో అని ఉండబట్టలేక, ఒక సాయంత్రం సంచిలో పిన్నీసు, ఆముదం సీసా వేసుకుని కిష్టమ్మ ఇంటికి బయలుదేరింది. వీధి మలుపులో కాళ్లు ఒక్క క్షణం ఆగాయి. తల్లికి వేరే గ్లాసు పెట్టిన వీధి ఇదే.

పిల్ల మంచం మీద పడుకుని ఉంది. కాలు ఇంకా వాచింది. కిష్టమ్మ గడపలో కూర్చుని ఉంది. మొహంలో కోపం లేదు, భయం ఉంది.

"దవాఖానకు తీస్కపోలేదా పెద్దమ్మా?"

"రేపు పోదామనుకుంటున్న. జిల్లేడు పాలు రాసిన, ముల్లు ఎల్తలేదు. తీద్దామంటే నాకు సూపు ఆనుతలేదు."

"నేను తీస్త. నిన్ను అడిగినంకనే ముట్టుకుంట."

కిష్టమ్మ తల అడ్డంగా ఊపింది. "వద్దు తల్లీ. ఒకణ్ని మన్ను జేసుకున్న. మిగిలింది గీ పోరి ఒక్కతే. నువ్వు అచ్చరం జెప్పేదానివి. నీ చెయ్యి పెద్దది. గసొంటి చెయ్యి గీ పిల్ల కాళ్లు వట్టుకుంటే, ఆ పాపం దీనికే తగుల్తది."

అంటరాదని తల్లికి చెయ్యెత్తి నీళ్లు పోసిన వీధిలో, కూతురి చెయ్యి పిల్ల కాలును తాకకూడనంత పెద్దదైపోయింది. ఇన్ని రోజులూ తాను అవమానం అనుకున్నది మర్యాద. రూతమ్మ కళ్లు తుడుచుకుంది.

"మరి ఎవరు వట్టుకుంటే దోషం లేదు?"

"కన్నతల్లి, నేను. ఇంటి ఆడిబిడ్డ వట్టుకున్నా దోషం లేదు, మేనత్త గదా. నాకేమో ఆడివిల్ల లేకపాయె."

"అయితే నన్ను ఆడిబిడ్డను జేస్కో!" అంది రూతమ్మ, క్లాసులో అల్లరి పిల్లను కసిరినట్టు.

కిష్టమ్మ ఆమెను పరకాయించి చూసింది. చుట్టుపక్కల ఇళ్ల అరుగుల మీది ఆడవాళ్లు చెవులు నిక్కబొడుచుకున్నారు. "నీ పెనిమిటి ఉన్నడు గదా?" అని అడిగింది ముసలమ్మ.

"ఎందుకు లేడు! పొద్దున్నే నాతోని తిట్లు దిన్నడు."

కిష్టమ్మ లేచి లోపలికి పోయింది. బియ్యం డబ్బా మూత చప్పుడైంది. చేటలో పసుపు కలిపిన బియ్యం, రవికె బట్ట, ఎండుకొబ్బరి కుడుకలు పట్టుకుని వచ్చింది. భర్త ఉన్న ఇంటి ఆడపిల్లకు పుట్టింటివాళ్లు పోసే ఒడిబియ్యం. "కొంగు వట్టు" అంది.

రూతమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. చర్చికి పోయే మనిషి, రేపు అక్కడ ఎవరేమంటారో! కిష్టమ్మ కూడా ఒకసారి అరుగుల వైపు చూసింది, రేపు ఈ వీధిలో ఎవరేమంటారో! సిస్టర్ అగాతా ఉంటే ఏమనేది? అది మాత్రం రూతమ్మ ఎవరినీ అడగనక్కర్లేదు. ముందు ముల్లు. ఆమె కొంగు పట్టింది. బియ్యం గలగలమంటూ ఒడిలో పడ్డాయి.

"ఇగ వట్టుకో" అంది కిష్టమ్మ. స్వయంగా నీళ్లు పోసింది.

రూతమ్మ కాలును మోకాలి మీదికి తీసుకుంది. పిల్ల కెవ్వుమంది, అంతలోనే ముల్లు బయటికొచ్చింది. "అబ్బో, గింత పొడుగున్నదా అత్తా!" అంది శ్రుతి కళ్లనీళ్లతోనే. అత్తా అనే పిలుపు అంత తొందరగా వస్తుందని పెద్దవాళ్లిద్దరూ అనుకోలేదు. కిష్టమ్మ రూతమ్మ తల మీద చెయ్యి వేసి, మనుమడు పోయిన తర్వాత మొదటిసారి మనసు తీరా ఏడ్చింది.

ఒడిబియ్యాన్ని నలుగురికీ పెట్టి తినాలని ఆనవాయితీ. రూతమ్మ వండి బడికి తెచ్చింది. సిస్టర్ రోజ్లిన్ రెండోసారి పెట్టించుకుంది. శ్రుతి కాలు మానగానే బడికి వచ్చింది.

ఈ జూన్‌లో మళ్లీ వరండాలో ఇత్తడి పళ్లెం పెట్టారు. దాని పక్కన చెంబు పట్టుకుని కిష్టమ్మ కూర్చుంది. ఆమెను ఎవరూ పిలవలేదు, పొద్దున్నే తనే వచ్చి కూర్చుంది. కొత్తగా వచ్చిన ఒక తల్లి రూతమ్మను చూసి, పాపను వెనక్కి లాక్కుంది. "టీచరమ్మా, మీరు పెద్దోళ్లు, కాళ్లు వట్టుకోవద్దు" అంది బెదురుగా.

రూతమ్మ నోరు తెరిచేలోపే కిష్టమ్మ అందుకుంది. "ఏం గాదు బిడ్డా. గామె మా ఇంటి ఆడిబిడ్డ. నా చేతుల్తోని ఒడిబియ్యం వోసిన. నీ పిల్లకు గూడ మేనత్తే అనుకో. అయినా నువ్వు సరేనంటేనే వట్టుకుంటది."

రూతమ్మ చేతులు తన ఒళ్లోనే పెట్టుకుని తలెత్తి చూసింది. "వట్టుకోనా అమ్మా?" అని అడిగింది.

ఆ తల్లి కాసేపు కిష్టమ్మ వైపు, కాసేపు రూతమ్మ వైపు చూసింది. తర్వాత తనే వంగి, పాప చెప్పులు విప్పింది. కిష్టమ్మ చెంబు వంచింది.