పగటి పూట గుసగుసలు

మా ఇంట్లో చాలాకాలం పగలే రాత్రి. పడకగది కిటికీకి పాత నీలం దుప్పటి ఒకటి మేకులతో కొట్టేశాం. ఎండ దానిలోంచి వడకట్టుకుని లోపలికి వచ్చేసరికి గదంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుండేది. ఆ మసకలో మా ఆయన, ఆయన చేతిమీద తల పెట్టుకుని మా అమ్మాయి. సెలవురోజున గుమ్మంలో నిలబడి వాళ్ళిద్దర్నీ చూస్తుంటే నాక్కూడా కళ్ళు మూతలు పడేవి. ఎక్కడో పోర్టు వైపు నుంచి ఓడ కూత సన్నగా వినిపించేది. నిద్రలోనే పిల్ల పెదవులు కదిపేది. ఆ ఇంట్లో నేనొక్కదాన్నే మేలుకుని ఉన్నానో, నేనొక్కదాన్నే కలగంటున్నానో తెలిసేది కాదు.

ఇదంతా డే కేర్ ఫీజుతో మొదలయింది. నా ఉద్యోగం రుషికొండలో, సముద్రం కనిపించే అద్దాల మేడలో. కనిపించడమే, చూసే తీరిక ఉండేది కాదు. మా ఆయనది స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. ఒకటి ఊరికి ఈ చివర, ఇంకోటి ఆ చివర. మేముండేది గాజువాకలో. పిల్లని చూసుకోవడానికి పెద్దవాళ్ళెవరూ లేరా అని అందరూ అడిగేవారు. ఉన్నారు. మా అమ్మ గోదావరి జిల్లాలో అన్నయ్య కవలపిల్లల వెనక పరిగెడుతోంది. సబ్బవరం దగ్గర మా అత్తగారికి గేదెలున్నాయి. "నానొచ్చీస్తే గేదెలకి గడ్డి ఎవులేత్తారమ్మా?" అనేవారావిడ. గేదైనా పసిపిల్లైనా ఒకటే, రెండుపూటలా ఎవరో ఒకరు ఉండాలి.

డే కేర్ వాళ్ళు చేర్చుకున్నప్పుడు ఒక మాట చెప్పారు, తర్వాత ఫీజు పెంచారు, ఆ పెంపు జీర్ణం కాకముందే మళ్ళీ పెంచారు. ఆయాలు దొరకడం లేదన్నారు, అద్దె పెరిగిందన్నారు, కెమెరాలు పెట్టించామన్నారు. అబద్ధమని నేననను. గోరుచుట్టు మీద రోకటిపోటులా, సాయంత్రం ఆలస్యమైతే దానికి వేరే రుసుము. నా క్యాబు రోజూ పోర్టు లారీల వెనక ఇరుక్కునేది. ముందున్న కంటైనర్ల మీద చీకటి పడుతుంటే, నేను సీట్లో కూర్చుని రేపటి జీతం ఇవాళే ఖర్చుచేస్తున్నట్టుండేది. చివరికి నేను ఉద్యోగం చేస్తున్నది నా ఇంటికా, ఆ డే కేర్ వాళ్ళింటికా అని అనుమానం వచ్చింది.

"మానేయొచ్చు కదా" అని చుట్టాలందరూ అన్నారు. మా ఆయన మాత్రం అనలేదు. అననందుకు ఇప్పటికీ ఆయనంటే నాకు ప్రాణం.

ఆయన చేసిన పని వేరు. ప్లాంటులో షిఫ్టులు మూడు. ఉదయం ఏ, మధ్యాహ్నం బి, రాత్రి సి. అందరికీ అవి మారుతూ వస్తాయి. సి షిఫ్టు ఎవరికీ గిట్టదు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు, నడుంనొప్పి ఉన్నవాళ్ళు, ఇంట్లో శుభకార్యం ఉన్నవాళ్ళు దాన్ని ఎవరి నెత్తిన పెడదామా అని చూస్తుంటారు. మా ఆయన ఒక ఆదివారం మంచం మీద కూర్చుని వరసగా ఫోన్లు చేసి, అడిగి మరీ తీసుకున్నారు.

"బావా, నీ సి షిఫ్టు నాకిచ్చీ. నా ఏ షిఫ్టు నువ్వు సేసుకో."

అవతలి బావ గొంతు నాకు వినపడేంత గట్టిగా ఉంది. "ఏటి బావా, పొద్దున్నే తాగున్నావేటి?"

"తాగలేదు బావా. పగలు గుంటని సూసుకోవాల."

అలా ఆ గుంట కోసం, అంటే మా అమ్మాయి కోసం, మా ఆయన శాశ్వతంగా రాత్రి మనిషి అయిపోయారు. పిల్లని డే కేర్ మాన్పించేశాం. అక్కడ మిగిలిన డబ్బు సబ్బవరం దారిలో కొత్త కాలనీలో తీసుకున్న స్థలం వాయిదాలకి వెళ్ళేది. ఆ స్థలంలో ఇంకా ముళ్ళపొదలే ఉన్నాయి గానీ, మా ఆయన కలలో అప్పటికే ఇల్లు లేచింది. అందులో వంటింటి కిటికీ దగ్గర నిలబడి నేను ఆయన్ని తిడుతున్నానట కూడా.

రోజూ పొద్దున్న ఆయన బస్సు దిగేచోటే నా క్యాబు ఎక్కేదాన్ని. నిద్రమత్తులో ఉన్న పిల్లని నా భుజం మీంచి ఆయన భుజం మీదకి మార్చేదాన్ని. తర్వాతి షిఫ్టు మనిషి, అంటే రిలీవర్, వచ్చేదాకా డ్యూటీ వదలకూడదని ప్లాంటులో నియమం. "రిలీవర్ వొచ్చీసేడు మేడమ్, ఇంక నువ్వెల్లు" అనేవారు. ఆయన చొక్కా నుంచి ఇనుము వాసన, నా చీర నుంచి సబ్బు వాసన. మొగుడూ పెళ్ళాలుగా మాకు మిగిలిన కాపురం ఆ రోడ్డుపక్క కాసేపే. అదైనా నాకు తీపిగానే ఉండేది.

ఇంటికి వెళ్ళి ఇద్దరూ పడుకునేవారు. పిల్లకి త్వరగా మెలకువ వచ్చేది. అందుకని ఇల్లంతా మెత్తబరిచాం. కాలింగ్ బెల్ వైరు పీకేశాం. పగలు కుక్కరు పెట్టడం మానేశాం. స్టీలు గిన్నెలు అటకెక్కించి ప్లాస్టిక్‌వి దింపాం. ఉక్కు పనివాడి ఇంట్లో స్టీలు గ్లాసు మోగకూడదన్నమాట. బొమ్మల్లో పీపీలు, గిలక్కాయలు తీసేసి, బట్టతో చేసినవి ఉంచాం. వీధితలుపు తాళం ఆయన తలగడ కింద. పిల్లకి మాటలు వచ్చే వయసు కదా, నేను దానికి నేర్పిన మొదటి మర్యాద పెదవుల మీద వేలు. "నాన్న పడుకున్నారు, మెల్లగా."

అది ఎంత బాగా నేర్చుకుందంటే, సాయంత్రం నేను రాగానే ఒళ్ళోకి ఎక్కి, ఆ రోజు కబుర్లన్నీ చెవిలో ఊదేది. పిల్లి వచ్చిందని, నాన్న నిద్దట్లో నవ్వాడని, బిస్కెట్టు విరిగిపోయిందని. చెవికి వెచ్చగా తగిలే ఆ ఊపిరి కోసం ఆఫీసులో మధ్యాహ్నం నుంచే ఎదురుచూసేదాన్ని. చూసినవాళ్ళంతా బంగారంలాంటి పిల్ల, అల్లరి తెలీదు అనేవారు. నేనూ పొంగిపోయేదాన్ని.

ఒక ఆదివారం చేపలకని ముగ్గురం జాలరిపేట వెళ్ళాం. పడవలు అప్పుడే ఒడ్డుకు లాగారు. బుట్టల ముందు కూర్చున్న ఆడవాళ్ళ కేకలతో ఇసుక అదిరిపోతోంది. మా అమ్మాయి నా చెయ్యి వదిలి, అందరికన్నా గట్టిగా అరుస్తున్న ఒకావిడ ముందుకు వెళ్ళి పెదవుల మీద వేలు పెట్టింది. "ష్... నాన్న బజ్జున్నాడు." నాన్న దాని వెనకాలే, చేతిలో సంచితో, కళ్ళు తెరుచుకుని నిలబడి ఉన్నారు.

ఆవిడ పడీ పడీ నవ్వింది. "ఓలమ్మో, నన్నే నోరు ముయ్యమంతన్నాదేటి!"

మేమూ నవ్వాం. పిల్ల ఊరుకోలేదు. నీళ్ళ దగ్గరకి నడిచివెళ్ళి, విరిగిపడుతున్న అల వైపు తిరిగి మళ్ళీ వేలు పెట్టింది. "ష్." అల ఆగలేదు. అది ఓపిగ్గా ఇంకోసారి చెప్పింది. ఆ ఉదయపు పొగమంచులో, అంత పెద్ద సముద్రాన్ని బతిమాలుతున్న ఆ చిన్న వీపుని చూస్తూ నేను నవ్వడం మానేశాను.

చేపలావిడ నా మొహం చూసి కాబోలు, గొంతు తగ్గించి అడిగింది. "ఏటమ్మా, గుంటకి గొంతు లెగదేటి?"

"నీకెందుకమ్మా, చేపలు కోసివ్వు" అన్నాను. కోపం ఆవిడ మీద కాదని ఆవిడకీ తెలుసనుకుంటా, కత్తి అందుకుంది.

వెనక్కి వచ్చేటప్పుడు బండి ఆపించి, "నాన్నని గట్టిగా అరిచి పిలువు తల్లీ" అన్నాను. అది నోరు బారెడు తెరిచింది. మెడనరాలు బిగిశాయి. గాలి తప్ప ఏమీ రాలేదు. అసలు దాని ఏడుపు చివరిసారి ఎప్పుడు విన్నానా అని ఆలోచిస్తే గుర్తు రాలేదు. దెబ్బ తగిలితే కళ్ళవెంట నీళ్ళు కార్చుకుంటూ వచ్చి చీర పట్టుకుంటుంది, అంతే. నా బిడ్డ గొంతు ఎలా ఉంటుందో నాకే తెలీదని ఆ నడిరోడ్డు మీద తెలిసింది.

డాక్టరు చెవులు చూశారు, గొంతు చూశారు, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. మా ఆయన ఆ మాట పట్టుకుని ధైర్యం తెచ్చుకున్నారు. "మెల్లగా మాటాడితే తప్పేటి? మా ఊర్లో అందరివీ అరుపులే. ఇదొక్కర్తీ మెత్తగా ఉండనీ." ఆయన నమ్మి అనడం లేదు. నేనూ నమ్మలేదు. అది గొంతు విప్పాలంటే పిల్లల మధ్య ఉండాలి. పిల్లల మధ్య ఉండాలంటే ఆ ఫీజు కట్టాలి, లేదా నేను ఉద్యోగం మాని ఇంట్లో గోల చెయ్యాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇద్దరం ఆ రెంటికీ మధ్య కాలు కదపకుండా ఇంకొన్నాళ్ళు నిలబడ్డాం.

తర్వాత ఒకరోజు తుపాను వస్తోందని ఆఫీసు మధ్యాహ్నమే వదిలేశారు. బీచిరోడ్డు పొడుగునా సముద్రం బూడిదరంగులో పొంగుతోంది. క్యాబు అద్దం మీద చినుకులు జారుతుంటే, పట్టపగలు ఇల్లు చేరబోతున్నందుకు బడి ఎగ్గొట్టిన పిల్లలా సంబరపడ్డాను. నా దగ్గరున్న తాళంతో తలుపు తీశాను. కరెంటు లేదు. నీలపు గదిలో మా ఆయన అటు తిరిగి గాఢనిద్రలో ఉన్నారు. పక్కన పిల్ల లేదు.

వంటింట్లో లేదు. బాల్కనీలో లేదు. మంచం కింద లేదు. చెప్పులు చప్పుడవుతాయని విప్పి మరీ వెతుకుతున్నాను, చూడండి నా తెలివి. అప్పుడు వాన చప్పుడు కింద ఇంకేదో వినిపించింది. బాత్రూము తలుపు సందు దగ్గర, చీమ నడిచినంత మాట.

"నాన్నా... నాన్నా..."

లోపలి నుంచి గడియ తోసేసుకుంది, తీయడం రాలేదు. చీకట్లో తలుపుకి పెదవులు ఆనించి పిలుస్తోంది. ఎంతసేపటి నుంచి పిలుస్తోందో దేవుడికే తెలియాలి.

నేల మీద కూలబడి, "అమ్మనొచ్చాను తల్లీ. గట్టిగా పిలవచ్చు కదమ్మా" అన్నాను.

తలుపు అవతల నుంచి గుసగుసగా జవాబు వచ్చింది. "నాన్న బజ్జున్నాడు కదా."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నా కూతురు అడుగుతూనే ఉంది, మాకు వినపడకుండా అడగడం మేమే నేర్పాం. "ఏవండీ!" అని నేను వేసిన కేకకి ఆ ఇల్లు ఉలిక్కిపడింది. ఆయన లేచి, తూలుతూ వచ్చి, దాన్ని వెనక్కి జరగమని, భుజంతో తలుపుకి ఒక్క గుద్దు గుద్దారు. గడియ ఊడిపోయింది. పిల్ల అరచేతులు తడికి ముడతలు పడి ఉన్నాయి. మొహం నిండా కన్నీళ్ళు, నోట్లో శబ్దం లేదు.

ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని, వాన తగ్గేదాకా హాల్లో నేలమీదే కూర్చున్నారు. "నా షిఫ్టులు నాను సేసుకుంతాను" అన్నారు చివరికి. "గుంటని గోలలో ఎయ్యాల. అందరి పిల్లల్లో ఎయ్యాల."

"స్థలమో?"

"అమ్మీద్దాం." ఒక్క మాటే. మళ్ళీ దాని ఊసెత్తలేదు. కట్టని ఆ ఇంటి కిటికీ దగ్గర నిలబడ్డ నన్ను ఆయన అలాగే వదులుకున్నారు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను, గట్టిగానే.

పక్కవీధిలో ఇంకో డే కేర్ చూశాం. ఫీజు అక్కడా తక్కువేం కాదు. కానీ గేటు బయటికే పిల్లల అల్లరి వినపడుతోంది. చేర్చిన రోజున ఆయనది బి షిఫ్టు, నాతో వచ్చారు. ఆయా పిల్లని ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళింది. అది మా వైపే చూస్తూ పెదవులు కదుపుతోంది. తలుపు పడింది. మేమిద్దరం గోడపక్కన నిలబడిపోయాం. లోపల ఎవరో పాట పాడుతున్నారు, ఎవరో బల్ల బాదుతున్నారు. ఆ గోలలో మా పిల్ల ఊపిరి ఎవరికి వినపడుతుంది?

అప్పుడు లేచింది ఒక గొంతు. మొదట గరగరలాడి, ఎక్కడో పగిలి, అన్ని గొంతులనీ తోసుకుంటూ పైకొచ్చింది.

"అమ్మా!"

కాస్త బొంగురు గొంతు. అచ్చం మా అత్తగారి గొంతు. వీధిలో వెళ్తున్నవాళ్ళు తిరిగి చూశారు. అది మళ్ళీ అరిచింది, ఇంకా గట్టిగా, నాన్నని కూడా కలిపి. ఆయా కంగారుగా గేటు దగ్గరకి వచ్చింది. మా ఇద్దరి కళ్ళూ తడిసి ఉండడం చూసి జాలిపడింది. "ఎల్లిపోండమ్మా. ఇక్కడుంటే ఇంకా ఏడుత్తాది. రెండ్రోజులు పోతే ఊరుకుంతాది."

మా ఆయన గోడకి చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని వింటున్నారు.

"ఊరుకోబెట్టకండమ్మా" అన్నారు. "కూసింతసేపు ఇననియ్యండి."