బావ బండి కింద తడి

ముందే చెప్పేస్తున్నాను, నేను ఇలాంటివి నమ్మే మనిషిని కాదు. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు జ్వరం ఉందేమో చూడండి అంటాను. కాకినాడలో ఓ ఎరువుల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని నాది. ఎక్కడ పైపు కారుతోంది, ఎక్కడ ఇనుము తుప్పు పడుతోంది, దానికి మూలం ఏంటి అని వెతకడమే ఉద్యోగం. నీళ్ళు ఊరికే రావు, ఎక్కడో ఒకచోటు నుంచి వస్తాయి. ఇన్నేళ్ళ సర్వీసులో ఈ లెక్క ఎప్పుడూ తప్పలేదు, ఒక్క మా బావ బండి దగ్గర తప్ప.

మాది మొగల్తూరు అవతల సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. చేపల వేట మీద బతికిన కుటుంబం. నేను ఐటీఐ చదివి, ఉద్యోగం వచ్చాక రామచంద్రపురంలో ఇల్లు కట్టుకున్నాను. మా అక్క మంగను మాత్రం ఆ పల్లెలోనే ఇచ్చారు.

బావ పేరు నరసింహులు. ఆయనకి పడవ లేదు, పాత డీజిల్ వ్యాను ఒకటి ఉండేది. ముందు గుండ్రటి దీపాలు, పక్కకి జరిగే తలుపు. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఒడ్డుకొచ్చిన చేపల్ని ఐసులో పేర్చి చుట్టుపక్కల మార్కెట్లకి చేరవేసేవాడు.

ఆ బండి గురించి ఒక సంగతి చెప్పాలి. వెనక కుడివైపు మూల, నేల రేకుకి ఒక కన్నం ఉండేది, ఐసు కరిగిన నీళ్ళు పోవడానికి. చేపల బళ్ళు చాలావరకు రోడ్డు పొడుగునా ఆ నీళ్ళు కార్చుకుంటూ పోతాయి, వెనక వచ్చేవాళ్ళు ముక్కు మూసుకుని తిట్టుకుంటారు. మా బావకి అది నామోషీ. కొబ్బరి పీచు ఉండ చుట్టి ఆ కన్నానికి బిగించేవాడు. తిరిగొచ్చి ఇంటి పెరట్లో బండి ఆపాకే, వంగి ఆ పీచు లాగేవాడు. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. నీళ్ళు జలజలా కింద పడేవి. ఆ చప్పుడు వినగానే ఆయన తల్లి సీతమ్మత్త ఎక్కడున్నా సరే, "వచ్చాడే, అన్నం పెట్టు" అనేది. అక్క కంచం తీసేది. మీ ఇంటికి హారన్ అక్కర్లేదు బావా అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

ఒకసారి బావ తమ్ముడి పడవకి మనిషి తక్కువయ్యాడు. నేనొస్తానులే అని బావ ఎక్కాడు. మూడోనాటికి పడవ తిరగబడి దొరికింది. తమ్ముడి శవం ఒడ్డుకి కొట్టుకొచ్చింది. బావ రాలేదు.

ఇక ఆ ఇంట్లో అత్తా, అక్కా, ఇద్దరి మధ్యా నలిగిపోయాం. సీతమ్మత్త ఏడుపు ఒక్కటే. పక్కపక్కన మునిగిన ఇద్దరు కొడుకుల్లో ఒకడికి పిండం పెట్టి, రెండోవాడికి పెట్టకపోతే వాడు ఆకలితో తిరుగుతాడని. శవం లేకపోతే దర్భలతో మనిషిని చేసి దహనం చేస్తారు, ఆ కర్మ చేయించండని అందరి కాళ్ళూ పట్టుకునేది. అక్క ఒప్పుకోలేదు. శవం కళ్ళ చూడకుండా గాజులు తియ్యనంది. బొట్టు పెట్టుకునే తిరిగింది. ఊళ్ళో నలుగురూ నాలుగు రకాలుగా అనుకున్నారు. అలా ఏళ్ళు గడిచాయి. పెరట్లో వ్యాను ఉప్పుగాలికి కుళ్ళిపోయింది. దీపాల గూళ్ళలో పిట్టలు గుడ్లు పెట్టాయి.

కిందటేడు నేను పల్లెకి వెళ్ళినప్పుడు అక్క నన్ను ఆ బండి దగ్గరికి తీసుకెళ్ళింది.

"సత్తిబాబూ, దీన్ని తీసుకెళ్ళి బాగుచెయ్యరా. ఆయనొచ్చేసరికి తిరగాలి."

వెనకే నిలబడ్డ అత్త వైపు తిరిగి ఇలా అంది. "బండి బాగయ్యే రోజు వరకూ చూద్దాం అత్తా. అప్పటికీ రాకపోతే నువ్వన్నట్టే చేద్దాం."

అత్త కళ్ళు ఒత్తుకుంది. గడువు నా చేతిలో పెట్టారు.

లారీ మీద వేయించి రామచంద్రపురం తెచ్చి, ఇంటి పక్కన కారు కోసం వేసుకున్న షెడ్లో పెట్టాను. నా కారు వీధిలోకి వెళ్ళింది. నా భార్య లక్ష్మి ఆ బండిని చూసి, "దీన్ని బాగుచేస్తారా, పాతిపెడతారా" అని అడిగింది. అడగాల్సిందే. వేలితో పొడిస్తే రేకు పొరలు పొరలుగా రాలేది. సెలవు రోజుల్లో గ్రైండర్ పెట్టి తుప్పు గీకడం, రెడ్ ఆక్సైడ్ కొట్టడం, పాత ఇనుము కొట్లన్నీ తిరిగి సామాన్లు వెతకడం. మామూలుగా అయితే నాకు ఇష్టమైన పనే అది. కానీ స్పానర్ పట్టుకున్న ప్రతిసారీ అక్క గాజులు నేనే తీస్తున్నట్టు ఉండేది. పని ముందుకెళ్ళేకొద్దీ దిగులు పెరిగేది. ఇంజను తిరిగిన రోజు అక్కకి ఫోన్ చేసి చెప్పాను. "మంచిది" అని పెట్టేసింది.

వెనక నేలంతా పనికిరాకుండా పోయింది. దాన్ని కోసేసి ఒకే కొత్త రేకు పరిచి చుట్టూ వెల్డింగ్ చేశాను. కన్నం పెట్టలేదు. ఈ బండి ఇంక చేపలు మోసేది ఎక్కడ అనుకున్నానేమో, ఆ ఆలోచనే రాలేదు.

రేకు వేసిన కొన్నాళ్ళకి షెడ్డు గచ్చు మీద తడి కనపడింది. వెనక కుడిచక్రం పక్కన, పళ్ళెమంత మేర. తుడిచాను. మర్నాడు మళ్ళీ ఉంది.

నా ఉద్యోగమే అది కాబట్టి వెతికాను. షెడ్డు పైకప్పు చూశాను. ఆ పక్క కుళాయి లేదు, పైపు లేదు. రేడియేటర్లో నీళ్ళు తగ్గలేదు, పైగా అది ముందు ఉంటుంది. కుక్క పనేమో అని షెడ్డుకి తాళం వేశాను. రోహిణీ కార్తె ఎండలు, బయట ఆరేసిన బట్ట పావుగంటలో పెళుసెక్కుతోంది. బండి కిందికి దూరి పడుకుని చూశాను. కొత్త రేకు అడుగున ఒక చుక్క ఊరింది, బరువెక్కింది, పడింది. కాసేపటికి ఇంకోటి. పైకెక్కి లోపల చెయ్యి పెట్టి తడిమాను. పైన రేకు పొడిగా, ఎండకి కాలుతూ ఉంది.

చుక్క పడేచోట రంగు కింద నుంచి గుండ్రంగా తుప్పు లేచింది. గీకి మళ్ళీ రంగు వేశాను. మళ్ళీ అక్కడే, అంతే గుండ్రంగా లేచింది. టేపు పెట్టి కొలిచాక గానీ నాకు వెలగలేదు. పాత కన్నం ఉన్న చోటు అదే.

నాలుక మీద వేసుకుని చూశాను, ఉప్పగా ఉంది. నా నాలుకని నేనే నమ్మక, చిన్న సీసాలో పట్టి మా ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఇచ్చాను. బాయిలర్ నీళ్ళు పరీక్ష చేసే మేడం అది చూసి నవ్వింది.

"ఏంటండి సత్తిబాబు గారూ, హార్బర్ నుంచి పట్టుకొచ్చారా? ఇది సముద్రపు నీళ్ళేనండి."

పాత రేకుల అతుకుల్లో దాగిన ఉప్పు గాలిలో తేమని పీల్చుకుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. అలా జరుగుతుంది కూడా. కానీ అతుకులు రేకు అంచున ఉంటే, జానెడు లోపల, అతుకే లేని చోట ఎందుకు కారుతుంది? అక్కకి చెప్పలేదు. చెబితే ఏ ఆశ పెట్టుకుంటుందో అని భయమేసింది.

ఆషాఢం వెళ్ళాక ఒక ఆదివారం పొద్దున అక్కా, అత్తా బస్సులో వచ్చారు. బండికి తెల్ల రంగు, నీలం గీత, బావ ఉన్నప్పటిలాగే వేశాను. అక్క దాని చుట్టూ తిరిగి చేత్తో రాసింది. లక్ష్మి కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. స్టార్ట్ చేశాను. ఇంజను బాగానే పలికింది. కాసేపు ఉంచి ఆపేశాను. అత్త వెళ్ళి అరుగు మీద కూర్చుంది, లక్ష్మి వంటింట్లోకి వెళ్ళింది. బండి బాగయింది, బావ రాలేదు. ఆ మాట ఎవరు ముందు అంటారా అని చూస్తున్నాం.

అక్క వెనక్కి వెళ్ళి కిందికి వంగి చూసింది.

"కన్నం ఏదిరా?"

"కొత్త రేకు వేశానక్కా. మూసుకుపోయింది."

ఆ మాట నా నోట్లో ఉండగానే చప్పుడైంది. చుక్క కాదు, ధార. పీచు లాగినప్పుడు పడ్డట్టే జలజలా పడింది. గచ్చు మీద పడి, మా కాళ్ళ పక్కనుంచి పారి, కాలవలోకి పోయింది. ఐసునీళ్ళ నీచు వాసన షెడ్డంతా కమ్మింది. వంటింట్లోకి వెళ్ళిన లక్ష్మి ఆ వాసనకే బయటికొచ్చింది. నేను, అక్క, లక్ష్మి కళ్ళారా చూశాం, అత్త చెవులారా వింది. అందుకే రాస్తున్నాను.

అరుగు మీద కూర్చున్న సీతమ్మత్త ఇటు తిరగనైనా తిరగలేదు. అలవాటుగా అంది.

"వచ్చాడే, అన్నం పెట్టు."

అన్నాక తనన్న మాట తనకే వినపడినట్టుంది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

అక్క మా వంటింట్లోకి వెళ్ళింది. కంచంలో అన్నం పెట్టి, పులుసు పోసి, తెచ్చి బండి వెనక తలుపు గడప మీద పెట్టింది. దాని పక్కనే నిలబడింది. ధార సన్నబడి, చుక్కలై, ఆగేదాకా అలాగే ఉంది. ఏడవలేదు. అప్పుడు, "చేసేద్దాం అత్తా" అంది.

ఇన్నేళ్ళూ కర్మ చేయించండని కాళ్ళు పట్టుకున్న మనిషి అడ్డం తిరిగింది. "ఏం చేసేది? నా కొడుకొచ్చాడు కదే."

"వచ్చారు అత్తా. నడిచి రాలేదు కదా."

నా జీవితంలో అంత మెల్లగా పలికిన మాట అంత గట్టిగా తగలడం నాకు తెలీదు.

కర్మ పల్లెలోనే, సముద్రం ఒడ్డున జరిగింది. అక్కకి పిల్లల్లేరు, బావ తమ్ముడి కొడుకే చేశాడు. అక్క ఇచ్చిన మాట ప్రకారం గాజులు తీసింది. బండి పంపే ముందు రేకుకి డ్రిల్ పెట్టి పాత చోటే కన్నం వేశాను. తడి ఉంటుందేమో అని కింద గిన్నె పెట్టాను. పొడి ఇనుప రజను తప్ప ఏమీ పడలేదు. తరవాత మా షెడ్డులో ఎప్పుడూ తడి లేదు. గచ్చు మీద ఉప్పు పూసిన తెల్లటి మరక మాత్రం ఎంత కడిగినా పోలేదు. ఇప్పుడు నా కారు దాని మీదే ఆగుతుంది. వెల్డింగ్ చేసిన రేకులోంచి, పైన పొడిగా ఉండగా, సముద్రానికి ఇంత దూరంలో ఆ నీళ్ళు ఎలా వచ్చాయంటే, మెయింటెనెన్స్ మనిషిగా చెబుతున్నాను, నాకు తెలియదు.

బండి మళ్ళీ చేపలు మోస్తోంది. ఊళ్ళో అబ్బాయిని డ్రైవరుగా పెట్టుకున్నారు. పెరట్లో బండి ఆగాక పీచు మాత్రం అక్కే లాగుతుంది. మొన్న వెళ్ళినప్పుడు నేనక్కడే ఉన్నాను. నీళ్ళు పడ్డాయి. మంచం మీద నుంచి సీతమ్మత్త, "వచ్చాడే, అన్నం పెట్టు" అంది. ఆవిడకి కర్మ జరిగిన సంగతి గుర్తుందో, గుర్తుంచుకోదలచలేదో ఎవరూ అడగరు.

"పెడుతున్నా అత్తా" అంది అక్క. కంచం పెట్టి, వడ్డించి, నా వైపు చూసింది.

వెళ్ళి కూర్చున్నాను. అత్తకి వినపడేలా కంచం చప్పుడు చేస్తూ తిన్నాను.