పోటు తగలకుండానే చచ్చాను

బ్యాలే ట్రూపులో మహిషాసురుణ్ణి నేనే. కొమ్ములు ఒళ్లో పెట్టుకుని ఏళ్ల తరబడి రైళ్లలో ఊరూరా తిరిగాను. నేను చస్తే గానీ ఆట ముగియదని మా ఆవిడకు బాగా తెలుసు.

ట్రూపు మూతపడి సికింద్రాబాద్ మెట్టుగూడలో ఖాళీగా ఉంటున్న నన్ను, మొన్న దసరాకి కాలనీవాళ్లు మళ్లీ రాక్షసుణ్ణి చేశారు. ఆనాటి పాటలు నా సెల్‌లోనే ఉన్నాయని దాన్నే స్పీకర్లకు కలిపారు.

వధ ఘట్టం వచ్చింది. అరిగిన మోకాళ్ల మీద కూలబడి రొమ్ము విరుచుకున్నాను. దేవి వేషంలో ఉన్న పదో తరగతి పిల్ల త్రిశూలం ఎత్తింది. సరిగ్గా అప్పుడే సెల్ మోగి పాట ఆగింది. మైకులాయన కంగారులో ఫోన్ ఎత్తేశాడు. మా ఆవిడ గొంతు పందిరంతా మారుమోగింది.

"ఏందయ్యా, ఇంక సావలేదా? జొన్నరొట్టెలు సల్లగయితున్నయ్. జెర జల్దీ సచ్చి ఇంటికి రా!"

జనం విరగబడి నవ్వారు. దేవి త్రిశూలం వదిలేసి పొట్ట పట్టుకుంది. ఏం జరిగినా వేషం వదలకూడదన్నది ట్రూపులో నేర్చుకున్న పాఠం. అందుకే పోటు తగలకుండానే గావుకేక పెట్టి వెల్లకిలా పడ్డాను. అన్నేళ్లలో నా ఏ చావుకూ అన్ని చప్పట్లు పడలేదు.

ఇంటికెళ్తే మా ఆవిడ ఆశ్చర్యపోయింది.

"అరే, గింత జల్దీ వచ్చినవ్! ఎవరు సంపిన్రు?"

"నువ్వే" అన్నాను.